బొగ్గు వేయించిన దారి: ఇల్లందు రైలు, సింగరేణి గనులు

తెలంగాణ తూర్పు అడవుల్లోకి పందొమ్మిదో శతాబ్దంలోనే రైలు పట్టాలు పడడానికి బొగ్గే పెద్ద కారణం. సికింద్రాబాదు నుంచి విజయవాడ వెళ్లే మార్గంలో డోర్నకల్ దగ్గర ఒక శాఖ విడిపోయి, కారేపల్లి మీదుగా ఇల్లందు చేరుతుంది. పొడవు సుమారు 16 మైళ్లు. దక్షిణ భారతదేశంలో బొగ్గు పరిశ్రమ మొదలైంది ఈ చిన్న దారి చివరే. నేటి జిల్లాల లెక్కలో డోర్నకల్ మహబూబాబాదులో, కారేపల్లి ఖమ్మంలో, ఇల్లందు భద్రాద్రి కొత్తగూడెంలో ఉన్నాయి. అందుకే ఈ చరిత్రను ఏ ఒక్క జిల్లా తనదిగా రాసుకోలేదు. అది మూడు ముక్కలుగా మిగిలిపోయింది.

ప్రాణహిత, గోదావరి నదుల లోయలో సుమారు 350 కిలోమీటర్ల పొడవున బొగ్గు పొరలున్నాయి. భూగర్భ శాస్త్రవేత్తలు గోండ్వానా శిలలనే ఈ పొరల వయసు పాతిక కోట్ల ఏళ్లకు పైమాటే. ఇల్లందు ప్రాంతంలో నల్లరాళ్లు మండుతాయన్న సంగతి శాస్త్రవేత్తల కంటే ముందే స్థానికులకు తెలుసని చెబుతారు. భద్రాచలం రాముని దర్శనానికి కాలినడకన పోతున్న యాత్రికులు దారిలో వంటకు మూడు రాళ్లు పొయ్యిగా పేర్చారనీ, కట్టెలతో పాటు రాళ్లూ అంటుకున్నాయనీ ఆ ఊళ్లో తరతరాలుగా చెప్పుకుంటున్న కథ. రాతకెక్కిన చరిత్ర మాత్రం డాక్టర్ విలియం కింగ్‌తో మొదలవుతుంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన ఈయన 1870ల తొలి ఏళ్లలో సింగరేణి గ్రామం చుట్టుపక్కల బొగ్గు ఉన్నట్టు నిర్ధారించాడు. ప్రాణహిత–గోదావరి లోయ భూగర్భ నిర్మాణంపై ఆయన రాసిన గ్రంథం 1881లో వెలువడింది. తరువాత ఆయన ఆ సంస్థకే అధిపతి అయ్యాడు. ఇక్కడి ముఖ్యమైన పొరకు ఆయన పేరే నిలిచింది. ఇప్పటికీ గని కార్మికులు దాన్ని కింగ్ సీమ్ అనే అంటారు. దానికి పైనున్న పొర క్వీన్ సీమ్.

ఆ బొగ్గుకు అంత గిరాకీ ఎందుకు వచ్చిందో తెలియాలంటే నాటి దక్షిణాది రైళ్ల పరిస్థితి చూడాలి. ఇక్కడి రైళ్లకు బొగ్గు రాణిగంజ్ నుంచి, అంటే కలకత్తా రేవు మీదుగా సముద్రంలో రావాలి, లేకపోతే ఇంగ్లండు నుంచి ఓడల్లో దిగాలి. చాలా చోట్ల ఇంజన్లలో కట్టెలే మండించేవారు. నిజాం ప్రభుత్వపు తొలి రైలు మార్గం వాడి నుంచి సికింద్రాబాదు దాకా 1874లో మొదలైంది. రైలు నడపడానికి ఇంధనం కావాలి. ఆ ఇంధనం రాజ్యం తూర్పు అంచున అడవుల కింద ఉంది. అక్కడికి చేరాలంటే మళ్లీ రైలే కావాలి. నిజాం ప్రధాని మొదటి సాలార్‌జంగ్ ఈ రెండింటినీ కలిపి ఆలోచించాడు. వాడి మార్గాన్ని తూర్పున వరంగల్, బెజవాడల (నేటి విజయవాడ) దాకా, ఉత్తరాన చాందా (నేటి చంద్రపూర్) వైపు పొడిగించాలన్న పథకం ఆయన హయాంలో రూపుదిద్దుకుంది. 1883 ఫిబ్రవరిలో ఆయన చనిపోయాడు. పథకం ఆగలేదు.

లండన్‌లో ఏర్పడే ఒక కంపెనీకి మార్గాన్ని అప్పగించి, ఆ కంపెనీ పెట్టుబడిపై నిజాం ఖజానా నుంచి ఏటా 5 శాతం వడ్డీ 20 ఏళ్ల పాటు చెల్లిస్తామని హామీ ఇవ్వడం ఒప్పందంలోని కీలకం. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకు వడ్డీ ఆగదు. దీనిపై హైదరాబాదులో గట్టి వ్యతిరేకత వచ్చింది. ఒప్పందం షరతులు ప్రజలకు తెలియజేయాలని విద్యావంతులు అడిగారు. వారిలో ముందున్నవారు నిజాం కళాశాలతో పేరు ముడిపడిన అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. 1883లో అఘోరనాథ్‌ను ఉద్యోగం నుంచి తొలగించి రాజ్యం నుంచి పంపించేశారు. ఈయన సరోజినీ నాయుడి తండ్రి. చాందా రైల్వే ఆందోళన అన్న పేరుతో చరిత్రకెక్కిన ఈ ఘటనను హైదరాబాదులో ఆధునిక ప్రజాభిప్రాయానికి తొలి అడుగుగా చరిత్రకారులు లెక్కిస్తారు. ఒక రైలు మార్గం ఖర్చెవరిది, లాభమెవరికి అన్న ప్రశ్న అప్పుడే ఇంత సూటిగా వినిపించడం గుర్తుంచుకోవలసిన సంగతి. ఆందోళన ఫలించలేదు. ఆ ఏడాది డిసెంబరులో ఒప్పందం కుదిరి, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పుట్టింది.

ఆ తరువాత పని వేగంగా సాగింది. 1886లో రైలు వరంగల్ చేరింది. 1888లో డోర్నకల్ మీదుగా ఇల్లందు గనుల దాకా శాఖ తెరుచుకుంది. 1889లో ప్రధాన మార్గం బెజవాడ చేరింది. వరుస గమనిస్తే రైలు కంపెనీ ఆలోచన తెలుస్తుంది: ముందు బొగ్గు గని, ఆ తరువాతే కృష్ణా తీరం.

గనుల హక్కుల కథ రైలు కథ కంటే చేదైనది. 1886లో రాజ్యంలోని ఖనిజాలు తవ్వుకునే హక్కును వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు వ్యాపారులకు ఇచ్చారు. వాళ్లు ఆ హక్కుతో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీని నెలకొల్పారు. వాటాల్లో అత్యధిక భాగం కంపెనీని పుట్టించినవారి చేతుల్లోకే, నగదు చెల్లించకుండానే పోయింది. ఒప్పందం కుదిర్చిన హైదరాబాదు హోం కార్యదర్శి అబ్దుల్ హక్ తన సొంత వాటాలనే బజారులో కొన్నట్టుగా చూపి నిజాం ప్రభుత్వానికి అమ్మాడన్న ఆరోపణ బయటికి వచ్చింది. ఆయన్ను పదవి నుంచి తప్పించారు. వ్యవహారం ఇంగ్లండు పార్లమెంటు దాకా పోయి, 1888లో కామన్స్ సభ ఒక ప్రత్యేక సంఘాన్ని వేసి విచారించింది. ఇల్లందు అడవిలో కోయలు, కూలీలు ఇంకా తొలి బావులు తవ్వుతుండగానే ఆ బొగ్గు మీద లండన్‌లో డబ్బు చేతులు మారిపోయింది.

గనుల నుంచి క్రమం తప్పకుండా బొగ్గు రావడం 1889లో మొదలైంది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభానికి ఏటా సుమారు 4 లక్షల టన్నుల బొగ్గు ఇక్కడి నుంచి వెళ్లేది. దానికి అతిపెద్ద కొనుగోలుదారు రైళ్లే. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు రైలు మార్గం పూర్తయ్యాక దక్షిణాదికి దారి మరింత దగ్గరైంది. సింగరేణి బొగ్గును రైలు మోసేది, ఆ రైలే సింగరేణి బొగ్గును తినేది.

బొగ్గు బయటికి వచ్చే తీరు చూస్తే గని లోపల కూడా ఒక చిన్న రైలు వ్యవస్థ ఉండేదని అర్థమవుతుంది. ఇల్లందులో బొగ్గు పొర ఏటవాలుగా దిగుతుంది. అందుకే నేల మీద నుంచి పొర వెంబడే వాలుగా సొరంగం తవ్వేవారు. దాన్ని ఇంక్లైన్ అంటారు. వాడుకలో అది బావి, బాయి. లోపల బొగ్గును కొంత తవ్వి, పైకప్పు కూలకుండా కొంత స్తంభాలుగా వదిలేసి ముందుకు పోయేవారు. మందు పెట్టి పేల్చాక, కోల్‌ఫిల్లర్లు తట్టా చెమ్మస్ (తట్ట, పార) పట్టుకుని బొగ్గును టబ్బుల్లోకి ఎత్తేవారు. సన్నని పట్టాల మీద నడిచే ఇనుప తొట్టె టబ్బు. ట్రామర్లు టబ్బులను నెట్టి ప్రధాన దారికి చేర్చితే, పైనున్న హాలర్ యంత్రం ఉక్కు తాడుతో వాటిని వరసగా బయటికి లాగేది. బయట జల్లెళ్ల మీద పెళ్లలను, పొడిని వేరు చేసి, సైడింగులో నిలిచిన వ్యాగన్లలో పోసేవారు. టబ్బుల పట్టాలు, సైడింగు పట్టాలు, డోర్నకల్ శాఖ, ప్రధాన మార్గం: ఈ నాలుగింటిలో ఏది ఆగినా మిగతావి ఆగవలసిందే. పై కప్పుకు ఊతంగా నిలిపే దుంగలకు చుట్టూ అడవే ఆధారం. కాబట్టి గని ఎంత లోతుకు దిగితే అడవి అంత వెనక్కి పోయింది. ఈ పనిలోని కష్టాన్ని టన్నుల లెక్కల్లో చూడలేము. చీకటి, నీటి ఊట, వేడి, కూలే కప్పు, ఊపిరితిత్తుల్లోకి పోయే ధూళి: తరాల తరబడి ఇల్లందు కార్మికులు బతికింది వీటి మధ్యనే.

రైలు కొత్త ఊళ్లను పుట్టించింది, ఉన్న ఊళ్లను మార్చింది. ఇల్లందులపాడు అన్న అడవి పల్లె జనం నోట బొగ్గుట్ట అయింది. కంపెనీకి మాత్రం తాను మొదట విన్న సింగరేణి గ్రామం పేరే నచ్చింది. ఆ పల్లె కారేపల్లి పక్కన అలాగే ఉండిపోయినా, దాని పేరు పాత నాలుగు జిల్లాల గనులకు ఇంటిపేరైంది. ఇల్లందులో ఇంగ్లీషు అధికారుల బంగళాలు, కార్మికుల వరస ఇళ్లు, ఆసుపత్రి, క్లబ్బు వెలిశాయి. కరువు మెట్టభూముల కరీంనగర్ పల్లెల నుంచి, కోస్తా నుంచి, దూరపు ఉత్తరాది నుంచి జనం వచ్చి చేరారు. డోర్నకల్ పెరుగుదల ఇంకా విశేషమైనది. జంక్షన్ కాబట్టి ఇంజన్లు, గార్డులు, నీళ్ల ట్యాంకులు అన్నీ అక్కడికి వచ్చాయి. రాకపోకల సౌకర్యమే దాన్ని ఆంగ్లికన్ సంఘానికి కేంద్రంగా చేసింది. ఆ సంఘంలో భారతీయుల నుంచి తొలి బిషప్పుగా 1912లో అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య డోర్నకల్‌ను తన స్థానంగా చేసుకున్నాడు. ఆయన కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ 1939లో ప్రతిష్ఠ జరుపుకుంది. మసీదు మినారులనూ గుడి మండపపు స్తంభాలనూ తలపించే ఆ కట్టడం, బొగ్గు శాఖ ఒకటి లేకపోతే ఆ ఊళ్లో ఉండేది కాదనడం అతిశయోక్తి కాదు.

1920 డిసెంబరు 23న పాత కంపెనీ ఆస్తులూ అప్పులూ తీసుకుని సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ నమోదైంది. ఆ తేదీనే నేటికీ సింగరేణి దినంగా జరుపుతారు. ఆ దశాబ్దం గనుల పటాన్నే మార్చేసింది. 1927లో కారేపల్లి నుంచి కొత్తగూడేనికి మరో శాఖ వేశారు. దాని చివరి స్టేషన్‌కు పెట్టిన పేరు భద్రాచలం రోడ్. భద్రాచలం అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, గోదావరికి అవతల, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇంకోవైపు కాజీపేట నుంచి బల్లార్షా మార్గం పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా 1920ల చివరికి పూర్తయింది. దాంతో మద్రాసు–ఢిల్లీ మధ్య నేరుగా దారి పడింది. 1929లో మొదలైన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఆ దారినే పట్టింది. బెల్లంపల్లి గనులు ఆ పట్టాలను ఆనుకునే ఎదిగాయి. 1930ల చివర్లో కొత్తగూడెంలో బొగ్గు తీయడం మొదలయ్యాక కంపెనీ కేంద్రం క్రమంగా ఇల్లందు నుంచి అక్కడికి మారింది. పుట్టిల్లు పుట్టిల్లుగానే మిగిలింది, పెత్తనం కొత్తగూడేనికి పోయింది.

యాజమాన్యాలూ మారాయి. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం రైల్వేను లండన్ కంపెనీ నుంచి కొనేసింది. రెండేళ్లకే ఆ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా కూడా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. 1945లో సింగరేణిలో అధిక వాటా కూడా హైదరాబాదు రాజ్యానికి వచ్చింది. రైల్వే 1951 నవంబరులో సెంట్రల్ రైల్వేలో కలిసి, 1966 అక్టోబరు 2 నుంచి దక్షిణ మధ్య రైల్వేలో భాగమైంది. గనులు మాత్రం రాష్ట్రం దగ్గరే ఉన్నాయి. కేంద్రం 1960లో వాటాదారుగా చేరింది. ఇప్పుడు 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది.

ఆవిరి ఇంజన్ల కాలం ముగిసేసరికి బొగ్గుకూ రైలుకూ ఉన్న బంధం రూపు మార్చుకుంది. డీజిల్, విద్యుత్ ఇంజన్లు వచ్చాక రైలు సింగరేణికి కొనుగోలుదారు కాకుండా పోయింది, మోతగాడుగా మాత్రం మిగిలింది. ఆ ఖాళీని విద్యుత్ కేంద్రాలు నింపాయి. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం 1960లలో, రామగుండంలో ఎన్టీపీసీ కేంద్రం 1980లలో ఉత్పత్తి ప్రారంభించాయి. రామగుండం ఎన్టీపీసీకి గనుల నుంచి సొంత రైలు మార్గమే ఉంది. దాని మీద రేకు, అంటే వ్యాగన్ల వరస, బొగ్గు నింపుకోవడం, వచ్చి ఖాళీ చేయడం, తిరిగి గనికి పోవడం ఒక వలయంలా నడుస్తుంది. కొత్త పట్టాలు కూడా బొగ్గు కోసమే పడుతున్నాయి. సింగరేణి ఖర్చులో పెద్ద భాగం భరించగా, భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి సుమారు 54 కిలోమీటర్ల మార్గం 2022లో అందుబాటులోకి వచ్చింది. 2023–24లో సింగరేణి 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. 1900 నాటి ఇల్లందు ఏడాది పొడవునా తీసినంత బొగ్గు ఇప్పుడు రెండు మూడు రోజుల పని.

ఇల్లందు వాటా మాత్రం తగ్గుతూ వచ్చింది. భూగర్భ బావులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిగిలింది ఓపెన్‌కాస్ట్. పాత బావుల్లో స్తంభాలుగా వదిలేసిన బొగ్గును కూడా ఓపెన్‌కాస్ట్ పైనుంచి తవ్వి తీస్తుంది. బొగ్గుతో పాటు పాత సొరంగాలు, టబ్బు దారులు, కొన్ని చోట్ల ఊళ్లే పోతాయి. కారేపల్లి–ఇల్లందు పట్టాల మీద బొగ్గు రేకులే తిరుగుతాయి, ప్రయాణికుల బండ్లు ఆగి చాలా కాలమైంది. కొత్తగూడెం నుంచి కాజీపేట మీదుగా బల్లార్షా వైపు నడిచిన సింగరేణి ప్యాసింజర్ ఒకప్పుడు గని ఊళ్లన్నింటినీ ఒకే బండితో కలిపేది. డ్యూటీ మారిన కార్మికులు, పెళ్లి సంబంధాలు, సంచుల్లో సరుకులు అందులోనే తిరిగాయి. బొగ్గు ప్రాంతపు సామాజిక చరిత్ర రాయాలనుకునేవారు ముందు ఆ బండి గురించి వయసుమళ్లిన కార్మికులతో మాట్లాడడం మంచిది.

ఇలాంటి స్థలాలను ఇతర దేశాలు ఎలా దక్కించుకున్నాయో పరిశీలించదగిన విషయం. ఇంగ్లండులో గనులు మూతపడ్డాక, ఈశాన్యాన టాన్‌ఫీల్డ్ వంటి పాత బొగ్గు మార్గాలను స్వచ్ఛంద సంఘాలు తీసుకుని ఆవిరి ఇంజన్లు నడుపుతున్నాయి. వేల్స్‌లో 1980లో మూతపడ్డ బిగ్ పిట్ గని మూడేళ్లకే మ్యూజియంగా తెరుచుకుంది. అక్కడ సందర్శకులను లోపలికి తీసుకువెళ్లేది ఒకప్పటి గని కార్మికులే. ఇల్లందుకు అన్నిటికంటే దగ్గరి పోలిక సుమత్రాలోని సావహ్లుంటో. అక్కడా బొగ్గు బయటపడింది 1860ల చివర్లో, తవ్వకం మొదలైంది 1890ల తొలినాళ్లలో, విదేశీ పాలనలో, పాడంగ్ రేవుకు సుమారు 155 కిలోమీటర్ల కొండ రైలుతో. గని, ఊరు, రైలు, రేవు నాలుగూ ఒకే వ్యవస్థ అని గుర్తించి యునెస్కో 2019లో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇల్లందు, కారేపల్లి, డోర్నకల్‌లను ఒకే వ్యవస్థగా చూసే ప్రయత్నం ఇక్కడ ఇంకా జరగవలసి ఉంది. హైదరాబాదులో 1916 నాటి కాచిగూడ స్టేషన్ భవనం బాగా నిలిచింది. నిజాం రైల్వే వస్తువులు కొన్ని అక్కడ చూడవచ్చు. కానీ అది రాజధాని చరిత్ర. గని వైపు 2022 డిసెంబరులో ఆర్టీసీ, సింగరేణి కలిసి సింగరేణి దర్శన్ పేరిట హైదరాబాదు నుంచి రామగుండం ప్రాంతానికి బస్సు యాత్ర మొదలుపెట్టాయి. అది నేటి గనిని చూపించే యాత్ర. పాత బావులను చూపించాలంటే ఇల్లందుకే వెళ్లాలి.

బొగ్గు లేని చోటికి రైలు ఎంత ఆలస్యంగా వచ్చిందో చూస్తే బొగ్గుకూ రైలుకూ ఉన్న బంధం మరింత తెలుస్తుంది. హైదరాబాదు నుంచి రామగుండానికి పోయే రాజీవ్ రహదారి సిద్దిపేట జిల్లా ములుగు మండలం మీదుగా, వంటిమామిడి కూరగాయల మార్కెట్‌ను తాకుతూ సాగుతుంది. ఈ ములుగు వేరు, భూపాలపల్లి గనులకు దగ్గరున్న ములుగు జిల్లా వేరు. ఈ ములుగు, గజ్వేల్, సిద్దిపేటల నేల కింద బొగ్గు లేదు. ఆ తేడా రైలు పటంలో స్పష్టంగా కనిపిస్తుంది. గోదావరి లోయ రైలు మార్గం సికింద్రాబాదు నుంచి నిజామాబాదు మీదుగా మన్మాడ్ వైపు 1900 ప్రాంతంలోనే పడింది. బొగ్గు మార్గం తూర్పున అంతకంటే ముందే పడింది. ఈ రెండింటి నడుమ చిక్కిన మెట్ట ప్రాంతానికి వందేళ్లకు పైగా రైలు రాలేదు. ఇక్కడి ధాన్యానికీ, కూరగాయలకూ, వలస కూలీలకూ రోడ్డే ఆధారమైంది. మనోహరాబాద్ నుంచి గజ్వేల్, సిద్దిపేటల మీదుగా కరీంనగర్ దగ్గరి కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల మార్గానికి 2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపంలోని కోమటిబండలో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు ప్రయాణికుల రైలు 2023 అక్టోబరు 3న మొదలైంది. అది ఇల్లందుకు రైలు వచ్చిన 135 ఏళ్లకు. మనోహరాబాద్ దగ్గర ఈ కొత్త మార్గం కలిసేది ఆ పాత గోదావరి లోయ మార్గంతోనే. అవతలి చివర కొత్తపల్లి చేరాక పెద్దపల్లి ద్వారా కాజీపేట–బల్లార్షా మార్గంతో, అంటే రామగుండం, బెల్లంపల్లి గనుల పట్టాలతో, సిద్దిపేట జిల్లాకు రైలు సంబంధం ఏర్పడుతుంది.